కొండల నడుమ కోనపల్లె చరిత్ర రాయాలి: చెన్నైలో ఎక్కడ మొదలుపెట్టాలి?

కోనపల్లె (పెరంబూరు):

అందరికీ నమస్కారం. పాత చంద్రగిరి తాలూకాలో, మూడు దిక్కులా కొండలున్న చిన్న కోనలో ఉంది మా పల్లె. డెబ్బై గడపలు, ఒక చెరువు, కట్ట మీద గంగమ్మ గుడి. చెరువు తూము దగ్గర అక్షరాలున్న రాయి ఒకటి ఉంది. ఊళ్లో సగం మంది చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నారు, ఎనభై దాటిన పెద్దలు నలుగురైదుగురే మిగిలారు. వాళ్లుండగానే వంద పేజీల పుస్తకం తేవాలని ఊరివాళ్లం అనుకున్నాం.

ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఊరి పేరు చెప్పి అడిగితే అలాంటి గ్రామం జాబితాలో లేదన్నారు. చెరువు పాళేగాడు కట్టించాడని కొందరు, రాయలవారి కాలందని కొందరు అంటారు. పాత కరణం గారింట్లో ఒక కాగితం మాత్రం దొరికింది. అందులో "ఫసలీ 1318", "దశబంధం", టి.డి. అని ఒక నెంబరు, "జోడి రూ. 3-4-0" అని ఉన్నాయి. వీటిని ఎలా అర్థం చేసుకోవాలి? దస్త్రాలు ఎక్కడ వెతకాలి? పెద్దల దగ్గర ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫసలీ (నుంగంబాకం):

ముందుగా ఒక మాట. మీ పల్లె పేరు జాబితాలో లేకపోవడం మామూలే. కోనల్లోని చిన్న పల్లెలు చాలావరకు సొంతంగా రెవెన్యూ గ్రామాలు కావు. పక్కనున్న పెద్ద ఊరికి మజరాలుగా (శివారు పల్లెలుగా) ఉంటాయి. దస్త్రాలన్నీ ఆ పెద్ద ఊరి పేరు మీదే నడుస్తాయి. మీ పొలం రెవెన్యూ పత్రం, అంటే అడంగల్ గానీ 1బి గానీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మీభూమి సైటులో తీసి చూడండి. అందులో ఉండే రెవెన్యూ గ్రామం పేరే మీకు కావలసిన పేరు. అది తెలియకుండా ఎన్నిసార్లు ఎగ్మూరు వెళ్లినా వట్టి చేతులతోనే వస్తారు.

రెండోది తాలూకా, జిల్లా. మీరు చూసే కాగితం ఏ ఏడాదిదో ఆ ఏడాది నాటి జిల్లా పేరుతో అడగాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చాయి. సత్యవేడు వైపు వాళ్లయితే 1960 ఏప్రిల్ 1న జరిగిన సరిహద్దు మార్పును కూడా గుర్తుపెట్టుకోవాలి, ఆ రోజు దాకా అది మద్రాసు రాష్ట్రంలోదే. ఇవి తెలియకే చాలామంది చిత్తూరు జిల్లా దస్త్రాలని అడిగి, 1911కి ముందువి ఏమీ లేవనుకుని తిరిగి వస్తారు.

ఇక మీ కాగితం. ఫసలీ అంటే జూలైలో మొదలయ్యే పాత రెవెన్యూ లెక్కల ఏడాది. దానికి 590 కలిపితే ఆ ఏడాది జూలై నుంచి డిసెంబరు వరకు, 591 కలిపితే మరుసటి జనవరి నుంచి జూన్ వరకు. అంటే ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ వరకు. అప్పటికి మీరింకా ఉత్తర ఆర్కాటులోనే ఉన్నారు. "టి.డి." అంటే టైటిల్ డీడు. ఇనాం అంటే శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన మాన్యం. ఇనాం కమిషన్ 1858లో మొదలైంది. ఏ ఇనాం ఎవరిది, ఎందుకిచ్చారు అని విచారించి, ఒప్పుకున్న ఇనాందార్లకు ఆ పత్రాలిచ్చింది. జోడి అంటే ఇనాం భూమి మీద సర్కారుకు కట్టే కొద్దిపాటి శిస్తు. 3-4-0 అంటే 3 రూపాయల 4 అణాలు, పైలు సున్న. అణాకు 12 పైలు, రూపాయికి 16 అణాలు. మొత్తాలు కూడేటప్పుడు ఇది మరిచిపోతే లెక్క కుదరదు.

మీ పల్లె చరిత్రకు తాళంచెవి ఆ టి.డి. నెంబరే. దాన్ని పట్టుకుని ఇనాం ఫెయిర్ రిజిస్టర్ వెతకండి. అందులో ఇరవై దాకా గడులుంటాయి: భూమి పేరు, విస్తీర్ణం, ఏ రకం ఇనాం, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, వారసులెవరు, చివరికి అధికారి నిర్ణయం. 1860ల నాటికి మీ ఊళ్లో ఎవరున్నారో, ముందు తరాల పేర్లేమిటో ఒక్క చోట దొరికే కాగితం ఇంకోటి ఉండదు. ఒక జాగ్రత్త: "ఎవరిచ్చారు" అన్న గడిలో ఉండేది ఇనాందారు చెప్పుకున్నది. పాత సనదు (ఇనాం ఇచ్చిన పత్రం) చూపించారా లేదా అన్నది పక్క గడిలో రాస్తారు. సనదు లేకపోతే ఆ మాటను నిర్ధారణగా రాయకండి, "ఇనాందారు వాంగ్మూలం ప్రకారం" అని రాయండి.

ఎక్కడ దొరుకుతుందంటే: ఎగ్మూరు స్టేషన్ ఎదురుగా ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో (1909 నాటి ఎర్ర భవనం) బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్, సెటిల్‌మెంట్ నివేదికలు ఉన్నాయి. కానీ ఆంధ్ర జిల్లాల పాత దస్త్రాలు కొన్ని మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయాక హైదరాబాదు తార్నాకలోని అప్పటి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాయి. గ్రామాల రిజిస్టర్లు కలెక్టరేటు రికార్డు గదిలోనూ తహసీల్దారు ఆఫీసులోనూ ఉంటాయి. కాబట్టి ముందు తహసీల్దారు దగ్గర మీ రెవెన్యూ గ్రామం ఆర్.ఎస్.ఆర్. (సర్వే నెంబర్లవారీ సెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలుకు అర్జీ పెట్టండి. అందులో పాత పైమాషీ (తొలినాటి భూమి కొలతల) నెంబరు, కొత్త సర్వే నెంబరు పక్కపక్కనే ఉంటాయి. ఇనాం రిజిస్టరులో పాత నెంబరుంటుంది, ఇప్పటి పటంలో కొత్తది. రెంటినీ కలిపేది ఆ రిజిస్టరే.

వీరగల్లు (మైలాపూరు):

ఎగ్మూరు వెళ్లినప్పుడు కన్నెమరా గ్రంథాలయం కూడా చూడండి, దగ్గరే. ఉత్తర ఆర్కాటు మాన్యువల్ (కాక్స్ 1881లో రాసింది, స్టువర్ట్ తరువాత సవరించింది) చదవండి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కూడా ఉచితంగా దొరుకుతుంది. మీ పల్లె పేరు అందులో ఉండదు. ఉండేది పాళెయాల (పాళేగాళ్ల ఏలుబడిలోని ప్రాంతాల) చరిత్ర, చెరువుల తీరు, 1876–78 ధాత కరువు. చిత్తూరు పాళేగాళ్ల తిరుగుబాటును కంపెనీ 1804–05లో అణచింది, తరువాత కొన్ని పాళెయాలను సర్కారు తన కిందికి తీసుకుంది. మీ గ్రామం పాళెయంలోదా, సర్కారు రైత్వారీ గ్రామమా (రైతులే నేరుగా సర్కారుకు శిస్తు కట్టేదా) అన్నది ముందు తేలాలి. దాన్నిబట్టే దస్త్రాలు వేరవుతాయి.

కైఫియత్తుల మాట కూడా ఎవరో ఒకరు చెబుతారు. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు సేకరించిన స్థానిక చరిత్రలు అవి. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. వెతకండి, కానీ ఆశ ఎక్కువ పెట్టుకోకండి. అవి పెద్ద ఊళ్లకు, గుళ్లకు, పాళెయాలకు రాసినవి. ఊరి కరణాలు చెప్పిన ఐతిహ్యం, లెక్కలు రెండూ కలిసి ఉంటాయి. రాజుల వరుస కన్నా గ్రామాల, చెరువుల పేర్లకు వాటిని నమ్మవచ్చు.

మీ ప్రాంతానికి అంతకన్నా పనికొచ్చేవి తిరుమల తిరుపతి దేవస్థానం శాసన సంపుటాలు. విజయనగర కాలంలో భక్తులు స్వామి నైవేద్యానికి ఇచ్చిన సొమ్మును గుడివాళ్లు తమ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టేవాళ్లు. అలా పెరిగిన పంటలోంచి నైవేద్యం సాగేది. ఆ గ్రామాలను తిరువిడయాట్టం అనేవాళ్లు. చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ల పేర్లు అందులో కనిపిస్తాయి. శాసనాలు ఎక్కువగా తమిళంలో ఉన్నా సంపుటాల్లో ఇంగ్లీషు అనువాదం ఉంది. గ్రామనామ సూచిక చూడండి, అక్షరాలు నాలుగైదు రకాలుగా మార్చి మార్చి వెతకండి. మీ చెరువుది రాయల కాలమన్న మాట నిజమో కాదో అక్కడ తేలే అవకాశం ఉంది.

కట్టకింద (తాంబరం):

పైవాళ్లిద్దరూ దస్త్రాలు చెప్పారు. దశబంధం గురించి నేను చెబుతాను, ఎందుకంటే కోనలో పల్లె కుదురుకుందంటే దానికి కారణం చెరువే. నీళ్లు ఎవరు ఆపారు, ఎవరు కాపాడారు, ఎవరికి ఎంత వచ్చింది అన్నది తేలితే మీ పుస్తకంలో సగం వచ్చినట్టే.

దశబంధం అంటే చెరువు కట్టించినందుకో, మరమ్మతు చూసుకుంటున్నందుకో ఇచ్చే ఇనాం. మాటకు అర్థం పదోవంతు. రెండు రకాలు. ఖండం దశబంధంలో ఫలానా చెక్క అని భూమి విడిగా ఇచ్చేస్తారు. షమిలాత్ దశబంధంలో భూమి విడిగా ఉండదు, ఆయకట్టు శిస్తులో ఒక భాగం ఇస్తారు. మీ కాగితంలో విస్తీర్ణం, జోడి కలిసి ఉంటే అది ఖండం అనుకోవచ్చు. ఇప్పుడు ఆ చెక్క ఎక్కడుందో ఎఫ్.ఎం.బి. (సర్వే శాఖ పొలం కొలతల) పటంలో గుర్తించండి. చాలాసార్లు అది మొదటి తూము కిందే, ఎప్పుడూ నీరందే చోట ఉంటుంది. మరమ్మతు చేయకపోతే ఇనాం పోతుందన్నది షరతు. 1956 ఇనాంల రద్దు చట్టంతో ఆ భూములు రైత్వారీ పట్టాలయ్యాయి. కట్ట బాధ్యత మాత్రం ఎవరికీ అంటకుండా పోయింది. తూములు పాడై, పూడిక పేరుకున్న చెరువులు ఎన్నో ఎందుకున్నాయో అక్కడే తెలుస్తుంది. మీ ఊళ్లో అది ఏ ఏడాది జరిగిందో, ఆ తరువాత కట్ట పని ఎవరు చేశారో తప్పక రాయండి.

పెద్దల్ని నీళ్ల గురించి ఇలా అడగండి. తూములెన్ని? ఏ తూము కింద ఏ పొలాలు? మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) పారితే నీళ్లు ఏ ఊరి చెరువుకు పోతాయి? (కోనల్లో చెరువులు గొలుసుగా ఉంటాయి. పై చెరువు మొరవే కింది చెరువుకు వరవ, అంటే నీళ్లొచ్చే దారి. కింది ఊరితో తగాదాలు అక్కడే పుడతాయి.) నీరుగంటి (పొలాలకు నీళ్లు వదిలేవాడు) ఏ ఇంటివాళ్లు? కోతల్లో ఎకరాకు ఎన్ని కట్టలు ఇచ్చేవాళ్లు? చెరువు సగమే నిండిన ఏడాది ఏం చేసేవాళ్లు? ఈ చివరి ప్రశ్నకు "దామాషా" అన్న జవాబు వస్తే దాన్ని వదలకండి. అంటే చెరువు దగ్గరి భూమినే ఆ ఏడాదికి అందరికీ వాళ్ల వాళ్ల ఆయకట్టు ప్రకారం పంచుకుని, మిగిలింది బీడు పెట్టడం. సొంత పొలం కట్ట కిందే ఉన్నవాడు కూడా ఆ ఏడాది పక్కవాడికి చోటివ్వాలి. ఒక పల్లె కలిసి బతకడం నేర్చుకున్న తీరు ఇంతకన్నా స్పష్టంగా చూపేది లేదు. ఎవరి ఇంటి ముందు కూర్చుని పంచేవాళ్లు, కొలిచింది తాడుతోనా అడుగులతోనా, ఒప్పుకోనివాడి మీద ఏం చేసేవాళ్లు, అన్నీ రాసుకోండి.

ఇక రాయి. తూము దగ్గరి రాయిలో నీటివైపు ముఖం ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉంటుంది. మే నెలలో చెరువు ఎండినప్పుడు వెళ్లండి. నీళ్లు చల్లి, మెత్తటి కొబ్బరిపీచుతో నెమ్మదిగా తుడవండి. ఇనుప బ్రష్, యాసిడ్, సున్నం, పెయింటు పనికిరావు. అక్షరాల్లో సుద్ద నింపడం కూడా వద్దు, నింపినవాడు ఊహించిన అక్షరమే తరువాత ఫోటోలో కనబడుతుంది. పొద్దు వాలాక చీకట్లో టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టండి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి పై నుంచి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అక్షరాలు మాయమవుతాయి. పక్కన స్కేలు పెట్టి వరుస వరుసకీ ఫోటో తీయండి. వాటిని మైసూరులోని భారత పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. రాతి మీద కాగితం పరిచి అక్షరాల అచ్చు తీయడం వాళ్ల పని.

శకం, సంవత్సరం పేరు రెండూ చదవగలిగితే మీరే సరిచూసుకోవచ్చు. శకానికి 78 కలపండి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకొకసారి తిరుగుతుంది. ఉదాహరణకు శక 1465, శోభకృతు అని ఉందనుకోండి. 1465కి 78 కలిపితే 1543. మొన్నటి శోభకృతు 2023లో వచ్చింది, అందులోంచి ఎనిమిది అరవైలు (480) తీసేస్తే 1543. కుదిరింది. కుదరకపోతే అంకె తప్పు చదివి ఉండవచ్చు, మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాలి.

కోనపల్లె (పెరంబూరు):

చాలా సంతోషం. రెండు సందేహాలు. కరణం గారి కాగితాలు ఇంకో కట్ట ఉంది, తెలుగు అంకెల్లో, గొలుసుకట్టు రాతలో. మొత్తాలు ఎంత కూడినా కుదరడం లేదు. ఇంకోటి, పండగల గురించి పుస్తకంలో ఎంతవరకు రాయాలి?

ఫసలీ (నుంగంబాకం):

తెలుగు అంకెల్లో ఎక్కువగా తడబడేది ౧ దగ్గర. అది కింద తెరిచి ఉన్న చుట్ట. సిరా పాకి ఆ నోరు మూసుకుంటే ౦ లాగా కనబడుతుంది. అందుకే వరుస మొత్తం తీసుకుని వెనక్కి లెక్కకట్టండి, సున్న అనుకున్న చోట ఒకటి పెట్టి చూడండి. భిన్నాలు కూడా ఉంటాయి: కాలు అంటే నాలుగోవంతు, పరక ఎనిమిదోవంతు, వీసం పదహారోవంతు. ధాన్యం లెక్కయితే పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు. పది పది చొప్పున కూడితే ఎన్నటికీ కుదరదు. కుంచం పరిమాణం ప్రాంతాన్నిబట్టి మారుతుంది కాబట్టి కిలోల్లోకి మార్చి రాయకండి. ఊళ్లో ఎవరింట్లోనైనా పాత కుంచం ఉంటే దాన్ని బియ్యంతో నింపి తూచి, ఆ కొలతను పుస్తకంలో విడిగా ఇవ్వండి.

ఆ కట్టను జెరాక్సుకు ఇవ్వకండి, మడతల దగ్గర విరిగిపోతుంది. కిటికీ పక్కన పరిచి ఫోన్‌తో పై నుంచి ఫోటో తీయండి. 1984 జనవరిలో ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు తీసేసినప్పుడు కొన్ని దస్త్రాలు ఆఫీసులకు చేరాయి, కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. అలా ఇంట్లో మిగిలిన కట్ట మీకు దొరకడం అదృష్టం. ఆ ఇంటివాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, అసలు కాగితాలు వాళ్లకే తిరిగి ఇచ్చేయండి.

చిట్లాకుప్ప (అంబత్తూరు):

పండగల గురించి అడిగారు కదా అన్నా, నా దృష్టిలో పుస్తకంలో మూడోవంతు వాటికే ఉండాలి. అయితే "ఘనంగా జరుపుకుంటారు" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎవరు ఏం తెస్తారు, ఎవరి వంతు ఏది, ఎవరికి ముందు తాంబూలం, ఇవి రాయాలి.

ముందు 1961 జనాభా లెక్కల్లో భాగంగా వచ్చిన ఆంధ్రప్రదేశ్ జాతరలు, పండగల సంపుటం (చిత్తూరు జిల్లాది) చూడండి. గ్రామాలవారీగా గుళ్లు, ఉత్సవాలు, జరిగే తిథులు అందులో ఉన్నాయి. మీ రెవెన్యూ గ్రామం పేరు దొరికితే, అరవై ఏళ్ల కిందటి వివరం పెద్దల ముందు చదివి వినిపించండి. "అట్ల కాదు నాయనా, ఇట్ల" అని వాళ్లు దిద్దడం మొదలుపెడతారు. ఖాళీ ప్రశ్న కన్నా దిద్దే ప్రశ్నకే ఎక్కువ సంగతులు వస్తాయి.

పసుల పండగనే తీసుకోండి. కనుమ నాటికి ముందే అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, నల్లేరు, మారేడు కాయలు లాంటివి తెచ్చి ఎండబెట్టి, ఉప్పు దండిగా పోసి రోట్లో దంచి "ఉప్పు చెక్క" చేస్తారు. ఆ పొద్దు పశువు నోరు తెరిచి గుప్పెడు కుక్కుతారు. దాన్ని ఆచారమని ఒక వాక్యంలో తేల్చేయకండి. ఏ మాను చెక్క, ఏ కొండ నుంచి, ఎంత ఉప్పు, దంచేది ఎవరు, ఈనిన ఆవుకు ఇస్తారా ఇవ్వరా, ఒక్కొక్కటీ అడగండి. ఇప్పుడు ఆ కొండ అడవి శాఖ కిందికి వచ్చి కొన్ని చెక్కలు దొరక్కపోతే, వాటి బదులు ఏం వేస్తున్నారో కూడా. సాయంత్రం ఊరి బయట పశువుల దేవుడు కాటమరాజు ముందు పొంగళ్లు, చిట్లాకుప్ప (కట్టెల కుప్ప) ముట్టించడం, మందను దాటించడం. కుప్పకు కట్టెలు ఏ ఇంటి నుంచి ఎన్ని, నిప్పు పెట్టే హక్కు ఎవరిది, మొదట దాటే ఆవు ఎవరిది. ఈ మూడు జవాబుల్లోనే ఊరి పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది.

మీ వైపు భారతం జరిగేదయితే దానికి ఒక అధ్యాయం పెట్టండి. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సుకు మాను ఎక్కడ నుంచి కొట్టి తెచ్చేవాళ్లు, ఎన్ని మూరలు, దుర్యోధనుడి బొమ్మకు మట్టి ఏ చెరువుది, తొక్కి కలిపేది ఎవరు, అగ్నిగుండానికి కట్టెలు ఎన్ని బండ్లు, ఇంటికింత అని చందా ఎలా వేశారు, పాత నోటు పుస్తకం ఎవరి దగ్గరుంది. ఆ చందా పుస్తకం దొరికితే ఆ ఏడాది ఊళ్లో ఎన్ని గడపలున్నాయో, ఎవరెవరు వలస పోయారో తెలిసిపోతుంది.

ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. పెద్ద వీధిలోని నలుగురు పెద్దలనే అడిగి పుస్తకం ముగించకండి. దళితవాడలో విడిగా, వాళ్ల ఇళ్ల దగ్గరే కూర్చుని అడగండి. చెరువు తవ్వింది, డప్పు కొట్టింది, చాటింపు వేసింది, వెట్టి చేసింది ఆ ఇళ్లవాళ్లు. ఏ బావిలో నీళ్లు తోడనిచ్చేవాళ్లు కాదో, తూము దగ్గర ఎవరు నిలబడకూడదనేవాళ్లో, మేర (చేసిన పనికి పంటలో ఇచ్చే వాటా) ఎంత ఇచ్చారో వాళ్లు చెబుతారు. అది వదిలేస్తే ఊరి చరిత్ర అనే మాటే తప్పవుతుంది. అలాగే ఆడవాళ్లను మగవాళ్లు లేని పూట అడగండి. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, మంత్రసాని పేరు, ఏ ఇంటి కోడలు ఏ ఊరి ఆడబిడ్డ అన్నది వాళ్ల నోటే ఉంటుంది. వియ్యపు ఊళ్లన్నీ పటం మీద గుర్తుపెట్టి చూడండి, ఆ కోనలోకి దారులు ఏ కనుమల గుండా నడిచాయో కళ్లకు కడుతుంది.

వయసు, ఏడాది అడిగితే ఎవరూ చెప్పలేరు. గుర్తులతో అడగండి: 1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు నువ్వు ఎంత ఉంటివి, మునసబులను తీసేసిన ఏడాదికి నీ పెద్దకొడుకు బడికి పోతున్నాడా, కరెంటు స్తంభాలు నాటినప్పుడు పెళ్లయిందా. రికార్డు చేసేటప్పుడు గంటకు మించి కూర్చోబెట్టకండి. ఒక్కొక్కరినీ కనీసం రెండుసార్లు కలవండి. మొదటిరోజు చెప్పనివి రెండోరోజు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

వీరగల్లు (మైలాపూరు):

చిట్లాకుప్ప గారు చెప్పిన దానికి ఒకటి జోడిస్తాను. ఊరి బయట కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు చెక్కిన రాయి ఉంటే దానికి ఏ పేరుతో మొక్కుతున్నా సరే, ఫోటో తీసి పంపండి. వీరగల్లు అయ్యే అవకాశం ఉంది. మందల కోసం, ఊరి కోసం చనిపోయినవాళ్లకు నిలిపిన రాళ్లు అవి. పసుపు కుంకుమ పట్టి ఉంటే గీకకండి, పూజారి కడిగే రోజు ఏదో కనుక్కుని ఆ పూట వెళ్లండి.

పుస్తకం అచ్చు వేసేటప్పుడు ఊరి పటం తప్పకుండా పెట్టండి. ఎఫ్.ఎం.బి. మీద చెరువు, తూములు, మొరవ, దశబంధం చెక్క, రెండు వాడలు, బావులు, శ్మశానాలు, కనుమ దారులు అన్నీ గుర్తించి, పొలాల పాత పేర్లు రాయండి. సర్వే నెంబర్లు దస్త్రాల్లో ఉండనే ఉంటాయి, పొలాల పేర్లు మాత్రం ఆ నలుగురు పెద్దల నోట్లోనే ఉన్నాయి. అందుకే ఎగ్మూరు కన్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఆర్కైవ్స్ ఎక్కడికీ పోదు. అచ్చయిన 30 రోజుల్లోపు 1954 పుస్తకాల అందజేత చట్టం ప్రకారం కన్నెమరాకు, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు తలొక ప్రతి పంపాలి. చిన్న పుస్తకమని మానేయకండి.

కోనపల్లె (పెరంబూరు):

వచ్చే శనివారం ఊరికి పోతున్నాను. మొదట పొలాల పేర్లు, ఆ తరువాత దామాషా అడుగుతాను. రాయి ఫోటోలు మే నెలలో చెరువు ఎండాక ఇక్కడే పెడతాను.